8 కిలోవాట్ల హాల్లోకి 40 కిలోవాట్ల రాక్‌లు: ఒక లిక్విడ్ కూలింగ్ కేసు

డేటా సెంటర్ల కూలింగ్ డిజైన్, కమిషనింగ్ నా పని. లిక్విడ్ కూలింగ్ మాట వచ్చిందంటే చర్చ సాధారణంగా చిప్ చుట్టూనే తిరుగుతుంది. ఏ కోల్డ్ ప్లేట్ (చిప్ మీద బిగించే, లోపల ద్రవం పారే రాగి పలక), ఎన్ని వాట్లు, ఏ పద్ధతి ఎక్కువ లాగుతుంది అని అడుగుతారు. ఈ కేసులో మమ్మల్ని నిజంగా కష్టపెట్టినవి వేరే రెండు ప్రశ్నలు. నీళ్లలోకి ఎక్కని వేడి ఎటు పోతుంది? ఆ నీళ్లను రోజూ ఎవరు చూసుకుంటారు? వాటి కోసమే ఇది రాస్తున్నాను. సంస్థను, చోటును, పరికరాలు సరఫరా చేసినవాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. లోడ్లను రౌండ్ ఫిగర్లలో చెబుతున్నాను.

నేపథ్యం

పరిశోధన లెక్కల కోసం కట్టుకున్న మధ్యస్థాయి డేటా సెంటర్ అది. రైజ్డ్ ఫ్లోర్ (కింద గాలి పారేలా ఎత్తుగా వేసిన నేల), గోడల వెంట చిల్డ్ వాటర్‌తో నడిచే ఎయిర్ హ్యాండ్లర్లు, బయట ఆ నీళ్లను చల్లబరిచే చిల్లర్లు, వాటికి ఒక స్టాండ్‌బై. చిల్డ్ వాటర్ సప్లై 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెట్ చేసి ఉండేది. హాలు కట్టినప్పుడు రాక్‌కు (సర్వర్లు పేర్చే బీరువా) 8 కిలోవాట్లు లెక్క వేశారు. అప్పటి సర్వర్లకు అది ధారాళమైన అంకె.

తర్వాత ఏఐ ట్రైనింగ్ కోసం 8 జీపీయూల సర్వర్లు కొన్నారు. గాలితో చల్లబడే రకమే. ఈ తరగతి సర్వర్ ఎంత తింటుందో తెలియాలంటే ఎన్విడియా డీజీఎక్స్ హెచ్100 లెక్క చూస్తే చాలు: ఒక్కో జీపీయూ 700 వాట్లు, మొత్తం సర్వర్ గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు. రాక్‌కు నాలుగు పెడితే 40 కిలోవాట్లు దాటుతుంది. కేబుళ్లు పొట్టిగా ఉండాలని నెట్‌వర్క్ టీమ్ అడగడంతో నాలుగేసి చొప్పునే పెట్టారు. ఆ తర్వాతి విడతలో కోల్డ్ ప్లేట్లతో వచ్చే 80 కిలోవాట్ల రాక్‌లు తీసుకోవాలని అప్పటికే అనుకుంటున్నారు, ఆర్డర్ మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఆర్డర్ ఇవ్వకముందే పిలవడం వల్ల మాకు చాలా మేలు జరిగింది.

వచ్చిన ఫిర్యాదు

నా దగ్గరికి ఇది కూలింగ్ సమస్యగా రాలేదు. "ట్రైనింగ్ జాబ్‌లు మధ్యాహ్నం స్లో అవుతున్నాయి, నెట్‌వర్క్‌లో ఏదో ఉంది" అన్నారు. స్విచ్‌లు మార్చి చూశారు, తేడా రాలేదు. హాల్లో సెన్సర్లన్నీ 22 డిగ్రీలు చూపిస్తున్నాయి కాబట్టి కూలింగ్ మీద ఎవరికీ అనుమానం లేదు.

ఇలాంటి ట్రైనింగ్‌లో ప్రతి స్టెప్ చివర జీపీయూలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. వందల జీపీయూల్లో ఒక్కటి వేడెక్కి క్లాక్ (చిప్ పనిచేసే వేగం) తగ్గించుకున్నా మిగతావన్నీ దాని వేగానికే దిగిపోతాయి. బయటి నుంచి చూసేవాళ్లకు అది నెట్‌వర్క్ ఆలస్యంలాగే కనిపిస్తుంది. అందుకే ముందు జీపీయూ క్లాక్ లాగ్‌లు తీయించి, రాక్‌లో ఏ ఎత్తున ఉన్న సర్వర్ ఎప్పుడు క్లాక్ తగ్గిస్తోందో పక్కపక్కన పెట్టాం. దాదాపు అన్నీ పైనుంచి మొదటి సర్వరే. అక్కడ ముందువైపు ఒక చేతి థర్మామీటర్ పెడితే 33 డిగ్రీలు చూపించింది. అదే రాక్‌కు నడుము ఎత్తున 22. హాలు సెన్సర్లన్నీ నడుము ఎత్తునే బిగించి ఉన్నాయి. ఆష్రే (కూలింగ్ ఇంజినీర్ల అమెరికన్ సంఘం) సిఫారసు చేసే ఇన్‌లెట్ పరిధి 18 నుంచి 27 డిగ్రీలు. పై సర్వర్లు ఆ పరిధి దాటి చాలాకాలమైంది.

కారణం చిన్న లెక్కలో తేలిపోయింది. గాలి 12 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుందనుకుంటే 8 కిలోవాట్ల రాక్‌కు సెకనుకు అర ఘనపు మీటరు పైచిలుకు గాలి సరిపోతుంది. 40 కిలోవాట్లకు సుమారు 2.7 ఘనపు మీటర్లు కావాలి. ముందున్న చిల్లుల టైళ్లు అంత ఇవ్వలేవు. సర్వర్ ఫ్యాన్లు మాత్రం తమకు కావలసినంత లాగే తీరతాయి. కింద దొరకనిది రాక్ పైనుంచి, వెనకాల తామే వదిలిన వేడి గాలిలోంచి లాగుతున్నాయి.

గాలితోనే నెట్టుకురావాలని చూసినవి

ఖర్చు తక్కువైన పనులతో మొదలుపెట్టాం. ఖాళీ స్లాట్లకు బ్లాంకింగ్ ప్యానెళ్లు, కేబుల్ రంధ్రాలకు బ్రష్ సీళ్లు, కోల్డ్ ఐల్‌కు (రాక్‌ల ముందున్న చల్లగాలి నడవ) తలుపులు, పైకప్పు. ఏ లిక్విడ్ కూలింగ్ ప్రాజెక్టుకైనా ముందు ఈ పని చేయాలనే నేను ఇప్పటికీ చెబుతాను. పై సర్వర్ల ఇన్‌లెట్ బాగా దిగింది, క్లాక్‌లు నిలబడ్డాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఐల్ లోపల ప్రెషర్ కొలిస్తే అసలు సంగతి బయటపడింది. బయటి కన్నా లోపల తక్కువగా ఉంది. అంటే మేం పంపుతున్న గాలి కన్నా సర్వర్లు లాగేది ఇంకా ఎక్కువే. వేడి గాలి తలుపు సందుల్లోంచి, రాక్ కీళ్లలోంచి లోపలికి వస్తోంది. ఎయిర్ హ్యాండ్లర్ ఫ్యాన్లు అప్పటికే నూరు శాతం మీద తిరుగుతున్నాయి. ఒక్క యూనిట్ ఆపి చూస్తే కొద్ది నిమిషాల్లోనే పై సర్వర్లు మళ్లీ క్లాక్ తగ్గించాయి. లెక్క ప్రకారం స్టాండ్‌బై ఉన్నా, పనిలో లేనట్టే అయింది.

తర్వాత రాక్‌కు రెండు సర్వర్లే ఉంచి లోడ్ పరిచాం. వేడి తగ్గింది. అయితే 400 గిగాబిట్ వేగంలో మామూలు రాగి కేబుల్ రెండు మూడు మీటర్ల దాకానే పనికొస్తుంది. రాక్‌లు దూరం జరిగేసరికి ఆప్టికల్ మాడ్యూళ్లకు వెళ్లాల్సి వచ్చింది. వాటికి డబ్బు, కరెంటు, పాడైతే మార్చే పని అన్నీ అదనం. పైగా హాలు సగం ఖాళీ రాక్‌లతో నిండిపోతుంది. అసలు పరిష్కారం తేలేదాకా తాత్కాలికంగా అలా నడపమన్నాను.

ఏ దారి ఎందుకు

గాలి వదిలి నీళ్ల వైపు ఎందుకు వెళ్లాలో చూపించడానికి మీటింగ్‌లో ఒక్క లెక్క సరిపోయింది. 40 కిలోవాట్లను గాలితో తీయాలంటే సెకనుకు 2,700 లీటర్ల గాలి కావాలి. నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కనిస్తే సెకనుకు లీటరు కూడా అక్కర్లేదు.

అయినా కంప్యూటర్ల పక్కన నీళ్లంటే యాజమాన్యానికి టెన్షన్. అది సహజమే. 1980లో వచ్చిన ఐబీఎం 3081 మెయిన్‌ఫ్రేమ్ నీళ్లతోనే చల్లబడేదని, 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డులు ఫ్లోరినర్ట్ ద్రవంలో మునిగే పనిచేశాయని చెప్పాను. ఇది కొత్త ప్రయోగం కాదని తెలిశాక మాట లీకు భయం నుంచి లీకును పట్టుకునే ఏర్పాట్ల వైపు మళ్లింది.

టూ-ఫేజ్ ఇమ్మర్షన్‌ను ముందే పక్కన పెట్టాం. సర్వర్‌ను ముంచిన ద్రవం మరిగి ఆవిరై వేడిని మోసుకుపోయే ఆ పద్ధతి పనితీరులో అద్భుతం. అడ్డంకి ద్రవం దగ్గరే వచ్చింది. ఆ ఫ్లోరిన్ ద్రవాలు పీఎఫ్ఏఎస్ (ప్రకృతిలో సులభంగా విడిపోని రసాయనాలు) తరగతికి చెందుతాయి. 2025 చివరికల్లా పీఎఫ్ఏఎస్ తయారీ మానేస్తామని 3ఎం సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది. పదేళ్లు నడవాల్సిన వ్యవస్థను రేపు దొరుకుతుందో లేదో తెలియని ద్రవం మీద కట్టమని నేను సలహా ఇవ్వలేను.

సింగిల్-ఫేజ్ ఇమ్మర్షన్ మీద ఎక్కువసేపు కూర్చున్నాం. సర్వర్‌ను నూనెలాంటి ద్రవంలో ముంచితే వేడి దాదాపు మొత్తం ద్రవంలోకే పోతుంది, మిగులు వేడి సమస్యే ఉండదు. ఈ గుణానికి నేను చాలా విలువ ఇస్తాను. కానీ ఈ హాలులో ఉన్నది రైజ్డ్ ఫ్లోర్. నిండు ట్యాంకు బరువుకు కింద స్ట్రక్చర్ వేయాలి, సర్వర్‌ను నిలువుగా పైకి లాగడానికి హాయిస్ట్ పెట్టాలి. కొన్న సర్వర్ల ఫ్యాన్లు పీకేయాలి, చిప్ మీది థర్మల్ పేస్ట్ మార్చాలి, ద్రవంలో పనిచేసే ఆప్టికల్ మాడ్యూళ్లు వెతకాలి. ఇంతా చేస్తే వారంటీ పోతుందని సర్వర్ సరఫరాదారు రాసిచ్చాడు. కొత్తగా కట్టే భవనమైతే నా సలహా వేరేగా ఉండేదేమో.

చివరికి రెండు పద్ధతులు కలిపాం. ఉన్న 40 కిలోవాట్ల రాక్‌లకు ఫ్యాన్లున్న రియర్ డోర్ హీట్ ఎక్స్ఛేంజర్లు. రాబోయే 80 కిలోవాట్ల రాక్‌లకు సీడీయూతో (పంపులు, హీట్ ఎక్స్ఛేంజర్ ఉండి ద్రవాన్ని పంచే యూనిట్) డైరెక్ట్-టు-చిప్, అంటే చిప్ మీది కోల్డ్ ప్లేట్‌లోకే ద్రవం పంపడం. రియర్ డోర్ అంటే రాక్ వెనక తలుపు స్థానంలో నీళ్ల కాయిల్ బిగించడం. సర్వర్‌ను ముట్టుకోనక్కర్లేదు, వారంటీ చెడదు, సర్వర్లు మళ్లీ నాలుగేసి చొప్పున పెట్టుకోవచ్చు.

తలుపులకు 10 డిగ్రీల నీళ్లు ఎందుకు ఇవ్వలేదు

ఉన్న చిల్డ్ వాటర్ లైనే నేరుగా తలుపులకు ఇచ్చేద్దామని సైట్ టీమ్ అంది. హాలు 22 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) 11 డిగ్రీల దగ్గర ఉంటుంది. 10 డిగ్రీల నీళ్లు పారే కాయిల్‌కు చెమట పడుతుంది, అదీ లైవ్ సర్వర్ల వెనకాల. ఆష్రే సిఫారసులో డ్యూ పాయింట్ గరిష్ఠంగా 15 డిగ్రీల దాకా ఉండొచ్చు. మనుషులు వచ్చిపోయే తలుపులు తెరిచి మూసే హాల్లో అక్కడిదాకా పోవడం మామూలే. అందుకని మధ్యలో హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టి తలుపుల లూప్‌ను 17 డిగ్రీల మీద నడిపాం. హాలు డ్యూ పాయింట్‌కు 2 డిగ్రీల పైనే సప్లై ఉండేలా కంట్రోల్ రాయించాం. కాయిల్ సామర్థ్యం కొంత తగ్గినా 40 కిలోవాట్లకు లోటు రాలేదు. సర్వర్ల వెనక నుంచి వచ్చే వేడి గాలి తలుపు దాటేసరికి హాలు ఉష్ణోగ్రతకే దిగుతోంది. మధ్యాహ్నం ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది.

డైరెక్ట్-టు-చిప్: వేరే లూప్, మిగులు వేడి

కోల్డ్ ప్లేట్లకు చల్లటి నీళ్లు అక్కర్లేదు. ఆష్రే వర్గీకరణలో డబ్ల్యూ32 అంటే 32 డిగ్రీల దాకా వేడి ఉన్న ఫెసిలిటీ నీళ్లు. వాటితో ఏడాదిలో చాలా భాగం చిల్లర్ లేకుండా డ్రై కూలర్ (బయటి గాలితోనే నీళ్లను చల్లబరిచే యూనిట్) మీదే నడపొచ్చు. తలుపుల నుంచి తిరిగొచ్చే నీళ్లనే సీడీయూకు పంపితే పైపులు కలిసొస్తాయి కదా అన్నారు. కాగితం మీద అందంగా ఉంది. కానీ తలుపుల లోడ్ తగ్గి వాల్వులు మూసుకున్నప్పుడల్లా సీడీయూకు వచ్చే నీళ్లు తగ్గుతాయి. కొత్త రాక్‌ల ప్రాణం పాత రాక్‌ల లోడ్ మీద ఆధారపడటం నాకు నచ్చలేదు. విడిగా వార్మ్ వాటర్ లూప్, డ్రై కూలర్లు పెట్టించాం.

అన్నిటికన్నా పెద్ద వాదన మిగులు వేడి దగ్గర జరిగింది. "లిక్విడ్ కూల్డ్ రాక్‌లు వస్తున్నాయి, ఎయిర్ హ్యాండ్లర్లు కొన్ని తీసేద్దాం" అని బడ్జెట్‌లో అప్పటికే రాసుకున్నారు. కోల్డ్ ప్లేట్ సీపీయూను, జీపీయూను చల్లబరుస్తుంది. మెమరీ, వోల్టేజ్ రెగ్యులేటర్లు, నెట్‌వర్క్ కార్డులు, పవర్ సప్లైలు చాలా సర్వర్లలో గాలికే వదిలేస్తారు. మొత్తం వేడిలో 70 నుంచి 80 శాతం నీళ్లలోకి పోతే మిగతాది హాల్లోకే వస్తుంది. 80 కిలోవాట్ల రాక్‌లో 20 శాతం అంటే 16 కిలోవాట్లు. ఈ హాలు మొదట డిజైన్ చేసిన రాక్ లోడ్‌కు అది రెట్టింపు! ఆ లెక్క చూశాక ఎయిర్ హ్యాండ్లర్లు తీసే మాట ఆగింది, లిక్విడ్ రాక్‌లకు కూడా వెనక రియర్ డోర్లు ఆర్డర్ చేశారు. బ్రోచర్లో "లిక్విడ్ కూల్డ్" అని ఉన్నప్పుడు నేను మొదట అడిగేది గాలిలోకి వదిలే కిలోవాట్లెన్ని అనే.

పీయూఈ (డేటా సెంటర్ మొత్తం కరెంటును ఐటీ కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె) మీద ఒక మాట. సర్వర్ ఫ్యాన్ల కరెంటు ఐటీ లోడ్ కింద లెక్కకొస్తుంది. 1,000 కిలోవాట్ల ఐటీ, 300 కిలోవాట్ల ఇతర ఖర్చు ఉంటే పీయూఈ 1.30. ఫ్యాన్లు తగ్గి ఐటీ 920కి, ఇతర ఖర్చు 290కి దిగిందనుకోండి. మొత్తం ఖర్చు 90 కిలోవాట్లు తగ్గింది, పీయూఈ మాత్రం 1.315కి పెరిగింది. ఇక్కడ ప్రాజెక్టు ఫలితాన్ని పీయూఈతో కొలుస్తామంటే నేను ఒప్పుకోలేదు. మీటర్ దగ్గరి మొత్తం కిలోవాట్లు, పూర్తయిన ట్రైనింగ్ పని, ఈ రెండూ పక్కపక్కన చూడమన్నాను.

టెస్టులో బయటపడిన లోపం

సర్వర్లు పెట్టకముందు లోడ్ బ్యాంకులతో (సర్వర్ల బదులు వేడి పుట్టించే హీటర్లు) కరెంటు తీసేసే టెస్ట్ చేశాం. సీడీయూ పంపులు జనరేటర్ మీద ఉన్నాయి, యూపీఎస్ మీద లేవు. పాత హాల్లో ఎయిర్ హ్యాండ్లర్లు అలాగే ఉండేవి. జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లకు గాలిలో, గోడల్లో ఉన్న చల్లదనమే సరిపోయేది.

కోల్డ్ ప్లేట్ దగ్గర అంత వెసులుబాటు లేదు. అర కిలో రాగి, 50 మిల్లీలీటర్ల నీళ్లు, వాటిలోకి 1,000 వాట్లు. పారకం ఆగితే సెకనుకు 2 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. జనరేటర్ వచ్చేలోపే చిప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. పంపులనూ, సీడీయూ కంట్రోళ్లనూ యూపీఎస్ మీదికి మార్పించాం. డ్రై కూలర్ల లూప్‌లో ఒక బఫర్ ట్యాంకు చేర్చాం. పంపు తిరిగినా బయటి నుంచి నీళ్లు వేడిగా వస్తే లాభం లేదు కదా.

నడిచాక వచ్చిన సమస్య

కొత్త రాక్‌లు నడవడం మొదలై కొన్ని నెలలయ్యాక ఒక వరసలో జీపీయూల ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరగడం గమనించాం. అలారం ఏదీ రాలేదు. సప్లై ఉష్ణోగ్రత మారలేదు, పంపు వేగం మారలేదు, మొత్తం ఫ్లో మాత్రం కాస్త దిగింది. ఈ దశలో పంపు వేగం పెంచేస్తే ఉష్ణోగ్రత దిగుతుంది, అందరికీ తృప్తిగా ఉంటుంది, కారణం మాత్రం ఇంకొన్నాళ్లు దాక్కుంటుంది. అందుకే వేగం ముట్టుకోవద్దన్నాను.

ఫిల్టర్ విప్పితే జాలి మీద గోధుమరంగు జిగురు. వేలితో రాస్తే సాగింది. లోహపు రజనైతే గరుకుగా తగలాలి. మా లూప్‌లో నింపింది పీజీ25, అంటే 25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని మందులు కలిపిన నీళ్లు. ఆ పాళ్లలో గ్లైకాల్ సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు. 20 శాతం కన్నా పలచబడితే అదే వాటికి ఆహారమవుతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో చుక్క వేసి చూస్తే 17 శాతం.

పలచబడింది రెండు దారుల్లో. ఫ్లషింగ్ చేసిన నీళ్లు కింది వంపుల్లో పూర్తిగా ఖాళీ అవకముందే పీజీ25 నింపారు. ఆ తర్వాత లెవెల్ తగ్గినప్పుడల్లా షిఫ్ట్ వాళ్లు డీమినరలైజ్డ్ నీళ్లతో టాప్-అప్ చేశారు. చిల్లర్ లైన్లలో ఏళ్లుగా చేసే పనే అది. వాళ్లకిచ్చిన కాగితంలో వద్దని ఎక్కడా లేదు. ఫెసిలిటీ మేనేజరు అప్పుడు అడిగిన ప్రశ్న నాకు గుర్తుండిపోయింది: "సార్, ఇంతకీ ఈ నీళ్లు మావా, ఐటీ వాళ్లవా?" పైపు మాది, సర్వర్ వాళ్లది, మధ్యలో పారేది ఎవరిదని ఏ ఒప్పందంలోనూ రాసి లేదు.

ఫిల్టర్ ఉంది కదా అని ఊరుకోవడం కుదరదు. కోల్డ్ ప్లేట్ లోపల రాగి రెక్కల మధ్య సందు వెంట్రుక మందం దగ్గర్లో ఉంటుంది. జిగురు పొర ఫిల్టర్ దాటాక, ఆ రెక్కల మీదే పెరుగుతుంది. లూప్ ఖాళీ చేసి, బయోసైడ్‌తో కడిగి, బాగా దెబ్బతిన్న సర్వర్ల కోల్డ్ ప్లేట్లను వ్యతిరేక దిశలో ఫ్లష్ చేసి, ఫ్యాక్టరీలోనే కలిపిన పీజీ25 మళ్లీ నింపాం. ఈసారి కింది వంపులకు డ్రెయిన్లు పెట్టించాం. నింపాక వేర్వేరు చోట్ల శాంపిల్ తీసి, అన్నిచోట్లా ఒకే శాతం వచ్చేదాకా పని ముగిసినట్టు సంతకం చేయలేదు. సీడీయూ దగ్గరి నీళ్ల హోస్ కనెక్షన్ తీయించేశాం. టాప్-అప్ సీల్ చేసిన క్యాన్లలోంచే జరగాలి. ఎన్ని లీటర్లు పోశారో రాయాలి, ఎందుకంటే లీకు ముందుగా తెలిసేది కూడా ఆ అంకెల్లోనే.

ఇప్పుడు ఏం చూస్తున్నామో కూడా మార్చాం. జీపీయూ ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే లోడ్ మారినప్పుడల్లా అదీ మారుతుంది, నెమ్మదిగా వచ్చే మార్పు అందులో కలిసిపోతుంది. జీపీయూ ఉష్ణోగ్రతలోంచి సప్లై ఉష్ణోగ్రత తీసేసి, దాన్ని ఆ క్షణంలో జీపీయూ తీసుకుంటున్న వాట్లతో భాగిస్తాం. 1,000 వాట్ల దగ్గర 30 డిగ్రీల తేడా ఉంటే వాట్‌కు 0.030. శుభ్రమైన కోల్డ్ ప్లేట్‌కు లోడ్ ఎంతున్నా ఈ విలువ పెద్దగా కదలదు. అది ఎక్కుతూ పోతే లోపల పొర పేరుకుంటోందని, పారకం తగ్గిందని, లేదా థర్మల్ పేస్ట్ చెడిందని అర్థం. ఒకే సర్వర్‌లో పెరిగితే ఆ సర్వర్‌లో చూస్తాం, వరస మొత్తం పెరిగితే ద్రవం శాంపిల్ తీస్తాం. సర్వర్లలో ఇప్పటికే ఉన్న సెన్సర్లతోనే ఇదంతా వస్తుంది, కొత్తగా కొనాల్సిందేమీ లేదు.

ఈ సైట్‌లో ఇప్పుడు ద్రవానికి యజమాని ఫెసిలిటీ టీమ్. సర్వర్ మానిఫోల్డ్ కప్లింగ్ (రాక్‌లోని ద్రవం పైపుకు సర్వర్‌ను తగిలించే చోటు) దాకా వాళ్ల బాధ్యత, కప్లింగ్ దాటాక ఐటీ వాళ్లది. పీహెచ్, కండక్టివిటీ, గ్లైకాల్ శాతం, బ్యాక్టీరియా రిపోర్టు ఇద్దరికీ వెళ్తాయి. ద్రవంలో తడిసే ఏ విడిభాగం మార్చినా ఇద్దరి సంతకం ఉండాలి. రాగి లూప్‌లోకి ఎవరో తెలియక అల్యూమినియం ఫిట్టింగ్ బిగిస్తే కోల్డ్ ప్లేట్లు మరో రకంగా పాడవుతాయి. తర్వాతి విడత రాక్‌ల టెండర్ రాస్తున్నప్పుడు ఈ బాధ్యతల పట్టికనూ, రాక్ గాలిలోకి వదిలే కిలోవాట్ల అంకెనూ కోల్డ్ ప్లేట్ సామర్థ్యం కన్నా ముందు పేజీలో పెట్టించాను. కోట్ చేసిన వాళ్లలో కొందరు ఆ రెండో అంకె కోసం వెనక్కి వెళ్లి కొలుచుకుని రావాల్సి వచ్చింది.